ఏ బాకీ? ఎప్పటి బాకీ?

(గుంటూరు బ్రాడీపేటలోని ఒక అపార్టుమెంటు నివాసుల ఆదివారం సమావేశంలో, విశ్రాంత బ్యాంకు అధికారి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. కార్యదర్శిగారు నన్ను బకాయిల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి 2022లో పదవీ విరమణ చేసిన మనిషికి ఈ విషయం మీద మాటలకు కొదవ ఉండదు. అయితే నేను ఇవాళ చెప్పదలచుకున్నది బ్యాంకు కుర్చీలో కూర్చుని చూసిన బకాయిల సంగతి కాదు. ఆ కుర్చీ దిగిన రెండున్నరేళ్ళ తరువాత, నాకే తెలియకుండా నా పేరు మీద పుట్టిన ఒక బకాయి సంగతి. ఇంకొక మాట కూడా ముందే ఒప్పుకుంటాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు వసూలు కోసం మనుషులను ఇళ్ళకు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. కనుక ఇక్కడ చెప్పే ఎత్తుల్లో కొన్ని నేను పుస్తకాల్లో చదివినవి కావు, మా టేబులు మీదుగా వెళ్ళినవే.

పదవీ విరమణకు ముందు మేము విజయవాడ సత్యనారాయణపురంలో అద్దెకు ఉండేవాళ్ళం. ఆ ఇంటికి ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఉండేది, నెలకు 699 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 825. ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వచ్చేటప్పుడు, 2022 మార్చి 4న, కనెక్షన్ తీసేయమని ఫోను చేసి చెప్పాను. రెండు రోజుల తరువాత ఒక కుర్రవాడు వచ్చి మోడెమ్ పట్టుకుపోయాడు. రసీదు అడగలేదు. సామాను లారీకి ఎక్కించే హడావుడిలో ఉన్నాం, కుర్రవాడు మర్యాదగా మాట్లాడాడు, అంతటితో ఆ సంగతి మరిచిపోయాను. ముప్పై నాలుగేళ్ళు ఇతరుల దగ్గర ప్రతి కాగితానికీ సంతకం పెట్టించుకున్నవాడిని, నా ఇంట్లోంచి వస్తువు వెళుతుంటే ఒక చీటీ అడగలేదు.

2024 డిసెంబరులో మా అల్లుడు ఫోను చేశాడు. ఏదో దాచుకుంటున్న గొంతుతో, "మావయ్యగారూ, మీకేమైనా డబ్బు ఇబ్బందిగా ఉందా?" అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. కనెక్షన్ తీసుకున్నప్పుడు రెండో నంబరు ఏదైనా ఇవ్వమంటే అతని నంబరు ఇచ్చానట. వసూలు ఏజెన్సీ నుంచి ఎవరో అతనికి ఫోను చేసి, మీ మావగారు బిల్లు ఎగ్గొట్టి ఊరు మారిపోయారని చెప్పారట. "పోనీలెండి, నేను కట్టేస్తాను, మీరు దాని గురించి ఆలోచించకండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ పిల్లనిచ్చిన అల్లుడి చేత ఆ మాట అనిపించుకున్న పూట నాకు అన్నం సయించలేదని చెప్పడానికి సిగ్గుపడను.

ఈ వసూళ్ళ వ్యాపారంలో పెట్టుబడి మన పరువే. నాలుగు వేల రూపాయల బిల్లు కోసం ఎవరూ కోర్టుకు వెళ్ళరు. ప్లీడరు ఫీజే అంతకంటే ఎక్కువవుతుంది. కాబట్టి వాళ్ళు అమ్మేది కోర్టు భయం, కొనిపించేది పరువు. పక్క ఫ్లాటువారు వింటారేమోనని, వాచ్‌మన్ ముందు మాట పడతామేమోనని, అల్లుడికి తెలిసిపోయిందేనని మనమే గబగబా కట్టేస్తాం. కట్టిన తరువాత అది ఏ బాకీయో కూడా అడగం. నేను మాత్రం అడిగాను.

నాకు స్వయంగా ఫోను వచ్చినప్పుడు ఆ ఏజెన్సీ కుర్రవాడు 4,712 రూపాయలు అన్నాడు. ఏ నెలలకు, ఏ లెక్కన అని అడిగితే, సిస్టమ్‌లో అంతే చూపిస్తోందన్నాడు. వారం తరువాత ఇంకొకరు చేసి, లీగల్ ఛార్జీలు కలిసి 6,350 అయిందన్నారు. మరో నాలుగు రోజులకు మొదటి కుర్రవాడే, ఈ నెలాఖరులోగా అయితే 1,800కి సెటిల్ చేస్తానన్నాడు. నిజమైన బాకీకి ఇన్ని ముఖాలుండవు. లెడ్జరులో ఉన్న అంకె అడిగినవాడి గొంతునుబట్టి పెరిగి తరగదు. అంకె ఊగుతున్నదంటే, అడుగుతున్న మనిషి చేతిలో ఉన్నది లెక్క కాదనీ, ఒక పేరు, ఒక ఫోను నంబరు, వసూలైన దాంట్లో కొంత కమీషను మాత్రమేననీ మనం గ్రహించాలి. ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. నెలకు ఇంత టార్గెటు అని పెట్టి, ఒక జాబితా చేతికిచ్చి కూర్చోబెడితే ఎవరైనా అలాగే మాట్లాడతారు.

చివరికి అతను ఒక సలహా చెప్పాడు. "సార్, మొత్తం ఇప్పుడే వద్దు సార్. ఒక్క ఐదు వందలు టోకెన్‌గా వేయండి, మిగతాది ఫిబ్రవరిలో కడతానని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి, నేను కేసు ఆపిస్తాను" అన్నాడు. ఈ మాట వినగానే నాకు నవ్వు వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మిమ్మల్ని కాసేపు మన పల్లెటూళ్ళకు తీసుకువెళ్ళాలి.

ఈ హాలులో ఉన్న పెద్దవాళ్ళకు ప్రోనోటు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తెనాలి వైపైనా, నరసరావుపేట వైపైనా, ఊళ్ళో అప్పిచ్చిన ఆసామి నోటు రాసి మూడేళ్ళు కావస్తోందంటే ఊరుకోడు. బాకీదారుడిని పిలిచి, "ఒక వంద రూపాయలైనా ఇచ్చి చెల్లు వెయ్యవయ్యా" అంటాడు. నోటు వెనుక ఫలానా తేదీన ఇంత చెల్లించానని రాయించి సంతకం పెట్టిస్తాడు. లేదా నోటే తిరగరాయిస్తాడు. ఆ వంద రూపాయల మీద ఆశతో కాదు. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద దావా వేసే గడువు పోతుంది, చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలవుతాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టంలోని 18, 19 సెక్షన్లు చెప్పేది ఇదే: గడువు దాటకముందు బాకీ ఉన్నానని రాసి సంతకం చేసినా, కొంత చెల్లించి ఆ చెల్లింపును తన చేతితో రాసినా లేక సంతకం పెట్టినా, గడువు మళ్ళీ కొత్తగా పుడుతుంది. బ్యాంకులో మేము దీన్నే రివైవల్ లెటరు అనేవాళ్ళం. మూడేళ్ళు నిండబోతున్న ఖాతాల జాబితా తీసి, ఇళ్ళకు వెళ్ళి మరీ సంతకాలు తెచ్చుకునేవాళ్ళం. ఎవరైనా అశ్రద్ధ చేసి గడువు దాటనిస్తే మెమో వచ్చేది.

ఇప్పుడు లెక్క చూడండి. నా కనెక్షన్ తీసేసింది 2022 మార్చిలో. నాకు ఫోను వస్తున్నది 2024 డిసెంబరులో. ఇంకో రెండు మూడు నెలలు గడిస్తే ఆ మొత్తం కోసం దావా వేసే గడువు దాటిపోతుంది. సరిగ్గా ఆ సమయానికి ఐదు వందల టోకెను, దానితో పాటు కడతానన్న ఒక మెసేజి. ఆసామి నోటు వెనుక వేయించే చెల్లు ఇప్పుడు వాట్సాప్‌లోకి వచ్చింది, అంతే తేడా. ఆ కుర్రవాడికి ఇదంతా తెలిసి ఉండకపోవచ్చు, అతనికి ఆ వాక్యాలు రాసి ఇచ్చినవారికి తప్పకుండా తెలుసు. గడువు దాటిపోయాక కూడా నిశ్చింత లేదు. కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని రాతపూర్వకంగా సంతకం చేసి మాట ఇస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం అది కొత్త ఒప్పందమై కూర్చుంటుంది. వాట్సాప్ మెసేజీ సంతకంతో సమానమా కాదా అన్న వాదన కోర్టులో ఎటు తేలినా, ఆ వాదనకు మనమే తలుపు తెరవడం దేనికి?

నన్ను అపార్థం చేసుకోకండి. వాడుకున్న దానికి డబ్బు కట్టకుండా మూడేళ్ళు తప్పించుకు తిరగమని నేను చెప్పడం లేదు. తీసుకున్న బాకీ తీర్చడం వేరు, తీసుకున్నామో లేదో తెలియని బాకీని ఒప్పుకోవడం వేరు. మన భాషలో "బాకీ ఉన్నాను" అనడం చాలా పెద్ద మాట. లెక్క చూడకుండా ఆ మాట అనకూడదన్నదే నా వాదన. ఫోనులో మనం మర్యాద కోసం అనే మాటలు, "చూద్దాం లెండి", "వచ్చే నెల సర్దుతాను", "ఇప్పుడు కుదరదు" వంటివి, అవతలివాడు ఒప్పుకోలుగానే రాసుకుంటాడు. వాటి బదులు ఒక్క వాక్యం చాలు: "ఈ మొత్తం నాకు తెలియదు, వివరం కాగితం మీద పంపండి, చూసి జవాబిస్తాను." మళ్ళీ ఫోను వస్తే మళ్ళీ అదే వాక్యం. కోప్పడనక్కరలేదు, కారణాలు చెప్పనక్కరలేదు, ఆధార్ నంబరు, పుట్టినతేదీ వంటివి నిర్ధారణ పేరిట చెప్పనే కూడదు.

ఆ రాత్రే నేను ఒక ఉత్తరం రాశాను. ఏజెన్సీకి కాదు, నేరుగా కంపెనీకి. ఇది ముఖ్యం. మన ఒప్పందం కంపెనీతో. మధ్యలో వచ్చినవాడు ఆ కంపెనీ పంపిన మనిషో కాదో చెప్పవలసింది కూడా కంపెనీయే. ఉత్తరంలో నేను అడిగినవి ఎక్కువేమీ కావు. ఈ మొత్తం ఏ ఖాతా నంబరుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అందులో కనెక్షన్ నెలవారీ అద్దె ఎంత, పరికరం ధర ఎంత, ఆలస్య రుసుము ఎంత, ఫలానా ఏజెన్సీకి నా వివరాలు మీరే ఇచ్చారా, ఇస్తే ఆ అధికారపత్రం నకలు పంపండి, అని. చివర ఒక వాక్యం చేర్చాను: "ఈ ఉత్తరం వివరాలు కోరడానికి మాత్రమే, ఏ బాకీనీ ఒప్పుకోవడం కాదు." ఈ వాక్యం మా లా ఆఫీసరుగారి దగ్గర నేర్చుకున్నది. ఈమెయిలుగా పంపి, అదే కాగితాన్ని ముద్రించి రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపాను. పోస్టాఫీసు రసీదును ఈసారి మాత్రం ఫైలులో పెట్టాను.

ఫోను, ఇంటర్నెట్ కంపెనీల విషయంలో ఇందుకు ఒక వ్యవస్థ ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారం మొదట కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదు నంబరు, తీసుకోవాలి, అక్కడి జవాబు తృప్తికరంగా లేకపోతే కంపెనీలోనే అప్పీళ్ళు వినే అప్పిలేటు అథారిటీకి వెళ్ళవచ్చు. ఆ నంబరు లేకుండా ఎంత అరిచినా అది గాలిలో మాటే. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషను ఉంది. టెలిఫోను తగాదాలు వినియోగదారుల కోర్టులు వినకూడదన్న వాదన చాలాకాలం నడిచింది. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, అంటే విజయవాడలో కనెక్షన్ ఉన్నా గుంటూరు కమిషనులో వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, ప్లీడరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. అయితే తగాదా పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోగా వెళ్ళాలి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేస్తే, చిన్న తగాదాలు అక్కడే తేలిపోవడం నేను చూశాను.

ఇక నోటీసులు. నా వాట్సాప్‌కు వారంలోగా ఒక లీగల్ నోటీసు వచ్చింది. పైన త్రాసు బొమ్మ, ఎర్ర అక్షరాలు, కింద ఒక అడ్వకేటు సంతకం, మధ్యలో అరెస్టు అన్న మాట మూడుసార్లు. మా ఆవిడ దాన్ని చూసి భయపడింది. లాయరు నోటీసు అంటే లాయరు రాసిన ఉత్తరం, అంతకు మించి ఏమీ కాదు. దానికి జవాబివ్వడం మంచిదే, కానీ అది కోర్టు కాగితం కాదు. కోర్టు సమను వేరు: దాని మీద కోర్టు పేరు, కేసు నంబరు, ముద్ర, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. కోర్టు పంపే అమీనా తీసుకురావచ్చు, పోస్టులో రావచ్చు. కేసు నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అలాంటి సమను వస్తే మాత్రం, మనది ఎంత న్యాయమైనా సరే, హాజరు కాకుండా ఉండకండి. వెళ్ళకపోతే మన వాదన వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, అయిపోతుంది, ఆ తరువాత దాన్ని కొట్టేయించుకోవడానికి పడే తిప్పలు అసలు బాకీ కంటే బరువు.

అరెస్టు సంగతి కూడా చెప్పేస్తాను. బిల్లు కట్టకపోవడం నేరం కాదు, సివిలు తగాదా. కోర్టు డిక్రీ ఇచ్చాక కూడా, కట్టగలిగి కట్టనివాడినే తప్ప, కట్టలేనివాడిని జైలుకు పంపడానికి వీల్లేదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. నాలుగు వేల బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకు నాన్ బెయిలబుల్ వారంటు అన్నవాడు తన అజ్ఞానాన్నైనా చెబుతూ ఉండాలి, మన అజ్ఞానం మీద ఆశైనా పెట్టుకుని ఉండాలి.

లోక్ అదాలత్ నోటీసు దీనికి భిన్నం. కేసు వేయకముందే రాజీకి రమ్మని బ్యాంకులు, ఫోను కంపెనీలు లోక్ అదాలత్ ద్వారా పిలిపించడం మామూలే. మామూలు లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, వస్తుంది, మనం ఒప్పుకోకపోతే వాళ్ళు తీర్పు చెప్పరు. వెళ్ళి, లెక్క చూపమని అక్కడే అడగవచ్చు. కానీ ఒకసారి సంతకం పెట్టి రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. జాతరలాంటి ఆ జనంలో, "సంతకం పెట్టండి సార్, అయిపోతుంది" అన్న మాటకు తొందరపడి పెట్టకండి. కరెంటు, నీళ్ళు, టెలిఫోను వంటి సేవలకు పర్మనెంట్ లోక్ అదాలత్ అని వేరొకటి ఉంది. అక్కడికి మనమే వెళ్ళవచ్చు, ఫీజు లేదు. అక్కడ మాత్రం రాజీ కుదరకపోతే వాళ్ళే తీర్పు చెప్పగలరు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కాదు.

కరెంటు బిల్లు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ పద్ధతి తలకిందులు. బ్రాడ్‌బ్యాండ్ వాడు మనల్ని బతిమాలి బెదిరించాలి, కరెంటువారికి ఫ్యూజు పీకితే చాలు. అందుకని చట్టమే అక్కడ కొన్ని అడ్డుకట్టలు వేసింది. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయికి కనెక్షన్ తీయాలంటే రాతపూర్వకంగా పూర్తిగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు తప్పని మీరు అనుకుంటే, వాళ్ళడిగిన మొత్తం గాని, వెనుకటి ఆరు నెలల సగటు చొప్పున లెక్క తేలిన మొత్తం గాని, రెంటిలో ఏది తక్కువైతే అది, అభ్యంతరంతో కడుతున్నానని రాసి కట్టవచ్చు. అలా కడితే తగాదా తేలేదాకా కనెక్షన్ ముట్టుకోకూడదు. ఈ ఒక్క వెసులుబాటు తెలియక ఎంతమంది పదివేల బిల్లును అప్పు చేసి కట్టారో నేను బ్యాంకు కౌంటరులో చూశాను.

తగాదా ఎక్కడ పుడుతుందో కూడా గమనించండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఇంటికి తాళం వేస్తారు. మీటరు గేటు లోపల ఉంటే రీడరు డోర్ లాక్ అని రాసుకుని సగటు బిల్లు వేస్తాడు. తిరిగి వచ్చాక అసలు రీడింగు తీస్తే, కొన్నిసార్లు ఎక్కువ కట్టి ఉంటాం, కొన్నిసార్లు తక్కువ. ఇక బిల్లు వెనుకవైపు చూస్తే ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, విద్యుత్ సుంకం, ఎఫ్.పి.పి.సి.ఎ. (ఇంధనం, కరెంటు కొనుగోలు ధరల సర్దుబాటు), ట్రూ అప్, అదనపు డిపాజిట్ అని గడులున్నాయి. ట్రూ అప్ అంటే వెనుకటి సంవత్సరాల్లో మనం వాడిన కరెంటుకు తక్కువ పడిన ఖర్చును విద్యుత్ నియంత్రణ కమిషను అనుమతితో ఇప్పుడు వసూలు చేయడం. అది పాత బకాయి కాదు, కానీ చాలామంది దాన్ని ఎప్పుడో తాము ఎగవేసిన బాకీ అనుకుని గాభరా పడతారు. మొత్తం అంకె చూసి గుండె పట్టుకోకుండా, ఏ గడి పెరిగిందో ముందు చూడండి. సర్వీసు నంబరు మీదేనా, రీడింగు మీటరు మీద ఉన్న అంకెతో సరిపోతోందా అన్నవి ఆ తరువాత.

ఎప్పటివో బకాయిలంటూ వస్తే అదే 56వ సెక్షనులో రెండేళ్ళ నిబంధన ఉంది. మొదట చెల్లించవలసి వచ్చిన తేదీ నుంచి రెండేళ్ళు దాటితే, ప్రతి బిల్లులోనూ దాన్ని బకాయిగా చూపుతూ వస్తే తప్ప, ఆ మొత్తానికి కనెక్షన్ తీయకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. మొదట చెల్లించవలసి వచ్చిన తేదీ అంటే కరెంటు వాడిన తేదీ కాదు, బిల్లు ఇచ్చిన తేదీ అని 2020 ఫిబ్రవరిలో రహమతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా కనెక్షన్ తీయకూడదంతే, దావా వంటి ఇతర మార్గాల్లో వసూలు చేసుకోవచ్చని కూడా అన్నది. పాత ఇల్లు కొన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2023 మేలో కె.సి. నైనాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, పాత యజమాని బకాయి తీర్చితేనే కొత్త కనెక్షన్ ఇస్తామన్న షరతు నిబంధనల్లో ఉంటే అది చెల్లుతుంది. కనుక రిజిస్ట్రేషనుకు ముందే, ఇంటి పన్ను రసీదుతో పాటు కరెంటు బిల్లు చివరి కాపీ కూడా అడిగి తీసుకోండి. కరెంటు తగాదాలకు మొదటి మెట్టు 1912 నంబరు, లేదా మీ ప్రాంతపు అసిస్టెంటు ఇంజనీరు (ఏఈ) కార్యాలయం. అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్.

కరెంటు పేరు చెప్పుకుని వచ్చే దొంగ మెసేజీలు కూడా ఉన్నాయి. గత నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు తీసేస్తాం, ఈ అధికారికి ఫోను చేయండి అంటూ ఒక పదంకెల సెల్ నంబరు. అతను ఏదో యాప్ వేసుకోమంటాడు, ఖాతా ఖాళీ. పదిహేను రోజుల నోటీసు సంగతి ఇప్పుడే చెప్పాను కదా, రాత్రికి రాత్రే తీసేస్తామనడంలోనే అబద్ధం బయటపడుతోంది. మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయండి.

ఇంటికి వచ్చే మనుషుల సంగతి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లకు రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి: ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరువాత ఫోను చేయకూడదని 2022 ఆగస్టులో స్పష్టం చేసింది, గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికారపత్రం చూపాలని, బంధువులను, స్నేహితులను వేధించకూడదని చెప్పింది. ఈ నియమాలు క్రెడిట్ కార్డుకూ, అప్పుకూ వర్తిస్తాయి గాని, కరెంటు, బ్రాడ్‌బ్యాండ్ బిల్లులకు నేరుగా వర్తించవు. ఇది తెలియక కొందరు ప్రతి ఏజెంటుకూ రిజర్వు బ్యాంకు పేరు చెబుతుంటారు, అతను నవ్వుకుంటాడు. అయితే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత అందరికీ వర్తిస్తుంది. బెదిరింపుకు 351, బలవంతపు వసూలుకు 308, వద్దన్నా ఇంట్లోకి చొరబడితే 329 సెక్షన్లు ఉన్నాయి. తలుపు దగ్గరే నిలబెట్టి, పేరు, సంస్థ, వచ్చిన సమయం రాసుకుని, నగదు ఇవ్వకుండా పంపించే హక్కు మీకుంది. మా పక్క వీధిలో ఒకాయన అయితే, వచ్చినవాడికి మంచినీళ్ళు ఇచ్చి, కుర్చీ వేసి, ఎదురుగా పుస్తకం తెరిచి అతను చెప్పే ప్రతి మాటా రాసుకోవడం మొదలుపెట్టాడు. పావుగంట తిరగకముందే మనిషి లేచి వెళ్ళిపోయాడు.

సెటిల్‌మెంటు గురించి ఒక్క జాగ్రత్త. 1,800కి వదిలేస్తానంటే సంబరపడకండి. అప్పులకు సంబంధించిన క్రెడిట్ రిపోర్టులో సెటిల్డ్ అన్న ముద్ర పడితే, రేపు మీ అబ్బాయి ఇంటి అప్పుకు మీరు సహ రుణగ్రహీతగా వెళ్ళినప్పుడు మేనేజరు దాన్నే వేలు పెట్టి చూపిస్తాడు, నేనూ చూపించినవాడినే. ఫోను కంపెనీలు కూడా ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలకు వివరాలు ఇస్తుంటాయి. సిబిల్ వంటి ప్రతి సంస్థ దగ్గరా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా దొరుకుతుంది. తప్పు ఉంటే అభ్యంతరం పెట్టండి, ముప్పై రోజుల్లో సరిచేయకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నియమం అమలులో ఉంది.

నా కథ ఎలా ముగిసిందని ఇందాక ఒకావిడ అడిగారు. కంపెనీ నుంచి ఇరవై ఆరు రోజులకు జవాబు వచ్చింది. 4,712లో రెండు నెలల అద్దె 1,650, మోడెమ్ 2,000, మిగిలిన 1,062 ఆలస్య రుసుము. నా పాత ఫోను బ్యాటరీ వేయించి తెరిస్తే, మార్చి 4 నాటి అభ్యర్థన నంబరు, రెండు రోజుల తరువాత పరికరం అందిందన్న మెసేజీ రెండూ దొరికాయి. వాటిని జతచేసి మళ్ళీ రాస్తే మోడెమ్, రుసుము, కనెక్షన్ తీసేశాక వేసిన అద్దె తీసేశారు. కానీ కనెక్షన్ తీసేయకముందు ఆఖరి బిల్లు తరువాత నేను వాడుకున్న పదహారు రోజుల అద్దె 440 రూపాయలు నిజంగానే కట్టలేదని తేలింది. ఇంత రాద్ధాంతం చేసినవాడికి కొంచెం తల వంగింది. 440 కడితే ఖాతా పూర్తిగా ముగిసినట్టేనని ముందు రాసి పంపమన్నాను, పంపాక కంపెనీ సైటులోనే కట్టాను, బకాయి లేదన్న ఉత్తరం తీసుకుని మా అల్లుడికి దాని ఫొటో పంపాను. "ఇంత చిన్నదానికా మావయ్యగారూ!" అన్నాడు.

బిల్లులు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం. మూడో అంతస్తువారి బిల్లు నా చేతిలో ఉంది. ఇందులో బకాయి అన్న గడిలో 2,318 అని ఉంది గాని, ఏ నెలదో ఎక్కడా లేదు. దీనికి రాయవలసిన ఉత్తరం ఇప్పుడే రాద్దాం, ఎవరైనా ఒక తెల్లకాగితం ఇవ్వండి.